ఊరగాయ జార్ల మీద లేబుల్ ఎందుకు లేస్తోంది? కొత్త ఆర్డర్‌కు ముందు ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. చిత్తూరులో ఇంటి దగ్గరే ఊరగాయలు పెట్టి అరకిలో ప్లాస్టిక్ జార్లలో అమ్ముతున్నారు. లేబుల్ అతికించిన రెండు వారాలకే అంచులు లేస్తున్నాయి. దాని మీద వేసిన బ్యాచ్ నంబరు, తయారీ తేదీ నూనె చెయ్యి తగిలితే చెరిగిపోతున్నాయి. ప్రింటింగ్ ఆయన జార్ బాగాలేదంటాడు, జార్లు ఇచ్చినాయన స్టిక్కర్ బాగాలేదంటాడు. ఇప్పుడు కొత్తగా పది వేల లేబుళ్ళు వేయించాలి, డబ్బు కట్టకముందే పరీక్షించుకోవడం ఎలా అని అడిగారు.

నేను తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా లేబుళ్ళ ప్రింటింగులో ఉన్నాను. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్కటే. లేబుల్‌ను విడిగా పరీక్షించకండి. మీ జార్ మీద, మీ ఊరగాయ నూనెతో, మీ ఇంట్లో అతికించే తీరులోనే పరీక్షించండి. ప్రింటింగ్ షాపులో టేబుల్ మీద గట్టిగా పట్టుకున్న స్టిక్కర్ మీ జార్ మీద కూడా అలాగే పట్టుకుంటుందని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

కొత్త లేబుల్ సంగతికి వచ్చే ముందు, లేస్తున్న పాత లేబుల్‌ను ఒకసారి బాగా చూడండి. సగం జవాబు అక్కడే ఉంటుంది. ఒక జార్ తీసుకుని, లేచిన అంచు పట్టుకుని మెల్లగా మొత్తం లాగేయండి. ఇప్పుడు గమ్ ఎక్కడ మిగిలిందో చూడండి.

జార్ అద్దంలా శుభ్రంగా ఉండి, గమ్ అంతా లేబుల్‌తోనే వచ్చేసిందంటే, ఆ గమ్ జార్‌ను అసలు పట్టుకోలేదని అర్థం. అప్పుడు లేబుల్ వెనక వేలితో తాకి చూడండి. ఇంకా జిగటగానే ఉంటే గమ్‌లో జీవం ఉంది, లోపం జార్ ఉపరితలంలోనో అతికించిన తీరులోనో ఉంది. జిగట లేకుండా నూనెగా, మురికిగా తగిలితే అతికించేటప్పుడే జార్ మీద నూనో దుమ్మో ఉందన్నమాట, లేదా తర్వాత అంచు నుంచి లోపలికి పాకింది. రెండో రకం, గమ్ కొంత జార్ మీద, కొంత లేబుల్ మీద ఉండి, లాగేటప్పుడు పనసకాయ కోసినప్పటి జిగురులా తీగలు సాగడం. అలా అయితే గమ్ తనలో తానే మెత్తబడిపోయింది. ఎండ వేడి వల్ల కావచ్చు, ఊరగాయ నూనె వల్ల కావచ్చు. మూడోది, గమ్ మొత్తం జార్ మీదే ఉండిపోయి కాగితం మాత్రం ఊడి రావడం. అది లేబుల్ మెటీరియల్‌లోనే లోపం, లేదా కాగితంలోకి నూనె, తడి దిగి గమ్‌ను విడదీశాయి. ఇక లాగితే కాగితం చిరిగిపోయి సగం జార్ మీదే మిగిలిందంటే, అక్కడ పట్టు బ్రహ్మాండంగా ఉంది. అయినా అంచు లేస్తోందంటే గమ్ జోలికి పోకండి, లేబుల్ సైజునూ మందాన్నీ చూడండి.

ఏ అంచు లేస్తోందో కూడా గమనించండి. పక్క అంచులు మాత్రమే లేస్తే జార్ గుండ్రానికి లేబుల్ బిరుసు ఎక్కువైంది, అది మళ్ళీ చదునుగా సాగాలని చూస్తోంది. పై అంచు మాత్రమే లేస్తే లేబుల్ జార్ భుజం వంపు మీదికి ఎక్కింది. అక్కడ జార్ రెండు వైపులా వంగుతుంది, చదునైన లేబుల్ ఏదీ అక్కడ కూర్చోదు. ఎత్తు మూడు నాలుగు మిల్లీమీటర్లు తగ్గిస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా సమస్య పోతుంది. కింది అంచు మాత్రమే లేస్తే మీరు జార్లు పెట్టే బల్ల తడిగానో నూనెగానో ఉంటోంది.

తర్వాత జార్ అడుగున చూడండి. త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 1 అంటే పెట్ (PET) అనే ప్లాస్టిక్, 2 అంటే గట్టి పాలిథిన్, 5 అంటే పాలీప్రొపైలిన్. మీ సమస్యకు ఈ అంకె చాలా ముఖ్యం. గమ్ ఏ వస్తువు మీదైనా పట్టాలంటే ముందు దాని మీద పలచగా పరుచుకోవాలి. గమ్‌ను అలా పరుచుకోనిచ్చే జార్ గుణాన్ని ఉపరితల శక్తి అంటారు, మా వాళ్ళు డైన్‌లలో చెప్తారు. పెట్ 43 దగ్గర ఉంటుంది. పాలిథిన్, పాలీప్రొపైలిన్ 30 దగ్గరే ఆగిపోతాయి. అంటే పెట్ జార్ మీద చక్కగా పట్టే మామూలు గమ్ 2, 5 అంకెల జార్ల మీద నీటిబొట్టు తామరాకు మీద నిలిచినట్టే నిలుస్తుంది. వాటికి వేరే రకం గమ్ కావాలి. మధ్యలో మీ జార్ల సప్లయర్ పెట్ నుంచి పాలీప్రొపైలిన్‌కు మారి ఉంటే, ప్రింటింగ్ ఆయన తప్పేమీ లేకుండానే మీ లేబుళ్ళు లేవడం మొదలవుతుంది. ఇలా జరగడం నేను చాలాసార్లు చూశాను.

జార్ పెట్ అయినా సరే, అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి వాడే సిలికాన్ లాంటి పూతలు ఒక్కోసారి దాని మీద మిగిలి ఉంటాయి. కంటికి కనిపించవు. తేల్చుకోవడం సులువే. పది జార్లు తీసుకుని ఐదింటిని మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన నూలుగుడ్డ తడిపి తుడవండి, ఆరనివ్వండి. శానిటైజర్ వాడకండి, అందులో గ్లిజరిన్ ఉంటుంది, అదే ఒక పొరగా మిగులుతుంది. మిగతా ఐదు అలాగే ఉంచండి. పదింటికీ ఒకే లేబుల్, ఒకే మనిషి, ఒకే తీరుగా అతికించాలి. తుడిచినవి నిలిచి తుడవనివి లేస్తే జార్లు అమ్మినాయనతో మాట్లాడండి. పదీ లేస్తే గమ్ మార్చాలి. ఇద్దరి వాదనలు వినే బదులు ఈ పది జార్లను వాళ్ళ ముందు పెట్టండి.

ఇక పట్టును కొలవడం. దీన్ని పీల్ టెస్ట్ అంటారు. లేబుళ్ళ పరిశ్రమకు యూరప్‌లో ఫినాట్ అనే సంఘం ఉంది. వాళ్ళ పరీక్షల పుస్తకంలో మొదటి నంబరు ఇదే. 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని అతికించి, 2 కిలోల రోలర్‌ను దాని మీద ఒక్కో దిశలో రెండుసార్లు నడిపించి, ఒక కొస వెనక్కి మడిచి, నిమిషానికి 300 మిల్లీమీటర్ల వేగంతో లాగుతారు. 20 నిమిషాలకు ఒకసారి, 24 గంటలకు ఒకసారి కొలుస్తారు. మెషిన్ లేకపోయినా దీన్ని ఇంట్లో చేయవచ్చు. లేబుల్ నుంచి 25 మిల్లీమీటర్ల పట్టీ కత్తిరించి జార్‌కు నిలువుగా అతికించండి. అడ్డంగా వద్దు, గుండ్రం వల్ల లెక్క తప్పుతుంది. బొటనవేలితో గట్టిగా రెండు మూడుసార్లు రుద్దండి. పై కొస రెండు అంగుళాలు వదులుగా ఉంచి దానికి బట్టల క్లిప్ పెట్టండి. ఆ క్లిప్‌కు సామాన్లు తూచే చేతి తూకం కొక్కెం తగిలించి, సెకనుకు అర సెంటీమీటరు చొప్పున కిందికి లాగండి. తూకం నిలకడగా చూపించే అంకె రాసుకోండి. ఒక్కసారి గుంజితే వచ్చే పెద్ద అంకెను లెక్కలోకి తీసుకోకూడదు.

మీ చేతి తూకం అంకెను ల్యాబ్ అంకెతో పోల్చకండి. మీకు కావలసింది ఈ లేబుల్ నయమా ఆ లేబుల్ నయమా అన్నది మాత్రమే. లేబుల్ ఎప్పుడూ పైకి లేవని ఏదో ఒక కంపెనీ ఊరగాయ జార్ మీ ఇంట్లోనే ఉంటుంది. దాని లేబుల్ నుంచి కూడా బ్లేడుతో 25 మిల్లీమీటర్ల పట్టీ గీసి, అలాగే లాగి చూడండి. అదే మీ కొలబద్ద.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు తొందర. అతికించి ఐదు నిమిషాలకే లాగి చూసి, పట్టు లేదని తేల్చేస్తారు. గమ్ చిక్కటి పాకం లాంటిది. ఉపరితలంలోని సన్న గుంటల్లోకి దిగడానికి దానికి టైం పడుతుంది. పూర్తి పట్టు రావడానికి 24 గంటలు, కొన్ని రకాలకు 72 గంటలు కావాలి. అతికించిన గంటకే జార్లను ఫ్రిజ్‌లో పెట్టినా, నూనె చేతులతో పెట్టెల్లో సర్దినా ఆ పని సగంలో ఆగిపోతుంది. వీలైతే ఊరగాయ నింపకముందే, ఖాళీ జార్‌కే లేబుల్ వేసి ఒక రోజు పక్కన పెట్టండి. ఊరగాయల వాళ్ళకు నేను ఇచ్చే సలహాల్లో ఎక్కువ ఉపయోగపడింది ఇదే.

పరీక్ష చేసే పరిస్థితి ఎంత ముఖ్యమో నాకు ఒక వేసవిలో తెలిసింది. చాలా ఏళ్ల కిందటి మాట. చిత్తూరు వైపు ఒక మామిడి రసం యూనిట్‌కు లేబుళ్ళు ఇచ్చాను. వాళ్ళ ఖాళీ సీసాలు షాపుకు తెప్పించుకుని, ఆరిన సీసాల మీద పీల్ టెస్ట్ చేశాను. అన్నీ గట్టిగా నిలిచాయి. అక్కడ లైన్ మీద జరిగేది వేరు. రసం వేడివేడిగా నింపి, మూత బిగించి, సీసాలను నీళ్ళ జల్లు కింద చల్లార్చి, ఆ తడితోనే లేబుల్ మెషిన్‌కు పంపుతున్నారు. గమ్‌కూ సీసాకూ మధ్య నీటి పొర ఉండిపోయి, లేబుళ్ళు వేలితో తోస్తే పక్కకు జరిగిపోయాయి. నాలుగు రోజుల సరుకు మళ్ళీ విప్పి అతికించాల్సి వచ్చింది. వాళ్ళ మామిడి సీజన్‌లో నాలుగు రోజులంటే ఎంత నష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. తర్వాత లేబుల్ మెషిన్‌కు ముందు గాలి బ్లోయర్ పెట్టారు. అదే లేబుల్, అదే గమ్ చక్కగా నిలిచాయి. ఆ రోజు నుంచి కస్టమర్ దగ్గర లేబుల్ ఎక్కడ, ఏ టైంలో, ఎవరు అతికిస్తారో చూడకుండా ఆర్డర్ తీసుకోవడం మానేశాను.

మీ ఇంట్లో ఆ నీళ్ళ జల్లు స్థానంలో నూనె ఉంది. కాబట్టి అసలు పరీక్ష నూనె పరీక్షే. మీ ఆవకాయ పైన తేలే నూనెనే, కారం ఉప్పుతో సహా, ఒక చెంచా తీసుకుని లేబుల్ నాలుగు అంచుల మీద రాయండి. సీసాలో కొత్తగా కొన్న నూనెతో చేస్తే ఫలితం వేరుగా రావచ్చు. ఒక రోజు, మూడు రోజులు, వారం ఉంచి చూడండి. మామూలు క్రోమో కాగితం (ఒక వైపు నిగనిగలాడే పూత ఉన్న కాగితం) అయితే కత్తిరించిన అంచు నుంచి నూనె దీపపు వత్తిలా లోపలికి పీలుస్తుంది, అంచు వెంట పారదర్శకమైన మరక పాకుతుంది. హాట్‌మెల్ట్ అనే, వేడికి కరిగించి పూసే రబ్బరు రకం గమ్ అయితే నూనెకు మెత్తబడి ముందు చెప్పిన పనస జిగురులా అవుతుంది. అది అతికించగానే చాలా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి షాపులో చూసినప్పుడు మంచిదనిపిస్తుంది. ఆక్రిలిక్ గమ్ మొదట కొంచెం నెమ్మదిగా పట్టినా, నూనెకూ ఎండకూ బాగా తట్టుకుంటుంది. నా అభిప్రాయం అడిగితే ఊరగాయకు క్రోమో వద్దే వద్దు. తెల్ల పాలీప్రొపైలిన్ ఫిల్మ్, ఆక్రిలిక్ గమ్, పైన లామినేషన్ వేయించుకోండి. ఒక్కో లేబుల్‌కు ఖర్చు కాస్త పెరుగుతుంది, నిజమే. కానీ మరక పడ్డ లేబుల్‌తో జార్ షాపు అరలో నిలబడితే లోపల ఊరగాయ కూడా కారిపోయిందనే అనుకుంటారు.

మన వాతావరణం ఇంకో పరీక్ష. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే, ఎండలో మూసి ఉన్న వ్యానులో అంతకంటే చాలా ఎక్కువ. మూడు జార్లను మధ్యాహ్నం ఎండలో మూసి ఉన్న కారులో పెట్టి, సాయంత్రం ఇంట్లోకి తెచ్చి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున తీసి వంటగదిలో ఉంచితే బయట చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ ఆరకముందే బట్టతో తుడవండి. ఇలా వారం తిప్పండి. మొదటి రోజే లేబుల్ అంచు వెంట జార్ మీద పర్మనెంట్ మార్కర్‌తో సన్నగా గీత గీసి పెట్టుకోండి. లేబుల్ కుంచించుకుపోయినా, జారినా ఆ గీత చెప్పేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు కాబట్టి, కాగితం లేబుల్ చెమ్మకు ఉబ్బి అంచులు వంకర పోయేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. వేడికి గమ్ జారడాన్ని విడిగా చూడాలంటే 25 మిల్లీమీటర్ల చదరం అతికించి, దానికి కిలో బరువు వేలాడదీసి ఎంతసేపు నిలుస్తుందో చూసే పద్ధతి ఉంది. మీ జార్ల వరకు అది అవసరం లేదు.

ఇప్పుడు చెరిగిపోతున్న తేదీ సంగతి. దీనికీ గమ్‌కూ సంబంధం లేదు, విడిగా చూడాలి. ముందు ఆ తేదీ వేసిన కాగితాన్ని గోటితో గట్టిగా గీయండి. గీసిన చోట నల్లటి గీత పడితే అది బిల్లుల కాగితం లాంటి డైరెక్ట్ థర్మల్ కాగితం. అందులో ఇంకు ఉండదు, వేడికి కాగితమే నల్లబడుతుంది. ఎండలో పెడితే మొత్తం మసకబారుతుంది, నూనె తగిలితే అక్షరాలు మాయమవుతాయి. ఊరగాయకు అది పనికిరాదు. నల్ల గీత పడకపోతే, ప్రింటర్‌లో వేడికి తన మీది ఇంకును లేబుల్ మీదికి దించే రిబ్బన్‌తో వేసినది కావచ్చు. రిబ్బన్‌లలో వ్యాక్స్, వ్యాక్స్-రెజిన్, రెజిన్ అని మూడు రకాలున్నాయి. చౌకది వ్యాక్స్, మైనం లాంటిదే, నూనె చెయ్యి తగిలితే పులుముకుపోతుంది. మీది ఇదేనని నా అనుమానం. ఫిల్మ్ లేబుల్ మీద రెజిన్ రిబ్బన్ వేస్తే మీ బాధ తీరుతుంది. ప్రింటర్‌లో వేడి సెట్టింగ్ పెంచాలి, వేగం తగ్గించాలి, అంతే. లామినేషన్ నిగనిగ మీద ఏ రిబ్బనూ సరిగ్గా పట్టకపోవచ్చు. అందుకే తేదీ వేసే చోట లామినేషన్ లేకుండా ఒక గడి వదలమని డిజైన్‌లోనే చెప్పండి.

ఈ అక్షరాలకు పరీక్ష కరెంటు సామాన్ల నుంచి అరువు తెచ్చుకుందాం. ఎలక్ట్రానిక్ వస్తువుల భద్రతా ప్రమాణాల్లో, వాటి మీది అక్షరాలను నీళ్ళలో తడిపిన గుడ్డతో 15 సెకన్లు, పెట్రోలియం స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో మరో 15 సెకన్లు రుద్దుతారు. తర్వాత అక్షరాలు చదవగలిగేలా ఉండాలి, లేబుల్ ఊడకూడదు, అంచు వంకర పోకూడదు. మీరు స్పిరిట్ బదులు మీ ఊరగాయ నూనె వాడండి. 15 సెకన్లు నీటి గుడ్డ, 15 సెకన్లు నూనె గుడ్డ. తర్వాత మీ ఇంట్లో పెద్దవాళ్ళను పిలిచి, కళ్ళజోడు పెట్టుకుని తేదీ చదవమనండి. చదవగలిగితే పాస్. ఇది మర్యాద కోసం చేసే పని కాదమ్మా. 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనల్లోనే లేబుల్ డబ్బా నుంచి ఊడిపోకుండా ఉండాలని, అందులోని వివరాలు చెరిగిపోకుండా స్పష్టంగా చదవగలిగేలా ఉండాలని ఉంది. కొన్నవాళ్ళకు ఎప్పటిదో తెలియని ఊరగాయ అమ్మడం మీకు మాత్రం ఇష్టముంటుందా?

రంగుల ప్రింట్‌కు టేపు పరీక్ష చాలు. పారదర్శకమైన సెల్లో టేపు ముక్క ప్రింట్ మీద గోటితో రుద్ది అతికించి, ముందు నిదానంగా, చివరికి ఒక్క లాగుతో తీయండి. టేపుకు రంగు వస్తే ఇంకు ఫిల్మ్‌ను పట్టలేదు, లేదా సరిగ్గా ఆరలేదు. కాగితం లేబుల్ మీద ఇది చేయకండి, రంగుకు బదులు కాగితమే చిరిగి వస్తుంది, ఏమీ తెలియదు. రంగు వెలిసిపోవడం చూడాలంటే లేబుల్‌లో సగానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, మేడ మీద ఎండలో నెల రోజులు ఉంచి విప్పండి. సాధారణంగా ముందు వెలిసేవి పసుపు, గులాబీ రంగులే. అవి రెండూ కలిస్తేనే ఎరుపు వస్తుంది. అందుకే మిరపకాయ బొమ్మ పాలిపోతుంది, నల్ల అక్షరాలు మాత్రం అలాగే ఉంటాయి.

మీరు బెంగళూరుకు కూడా పంపుతున్నామని రాశారు కాబట్టి రాపిడి సంగతి. ల్యాబ్‌లో దీనికి బరువు పెట్టి ముందుకూ వెనక్కూ రుద్దే మెషిన్ ఉంటుంది. మీకు మొగిలి ఘాట్ ఉంది. నిండు జార్లతో ఒక పెట్టె మామూలుగానే సర్ది, పలమనేరు దాకా పోయి వచ్చే ఏ వ్యానులోనైనా పంపి తెప్పించండి. విప్పి, జార్‌కు జార్ రాసుకున్న చోట ప్రింట్ ఎలా ఉందో చూడండి. ఒక పెట్టెలో జార్ల మధ్య అట్ట పెట్టి, ఇంకో పెట్టెలో పెట్టకుండా పంపితే ఆ అట్టకు పెట్టే ఖర్చు దండగో కాదో కూడా తేలిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా ఎక్కడైనా అమ్మకానికి కాగితం మీద రిపోర్టు అడిగితే, చెన్నైలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ కేంద్రం ఉంది. చిన్న అమ్మకాలకు అంత దూరం పోనక్కర్లేదు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ప్రింటింగ్ ఆయన్ను నాలుగు వివరాలు బిల్లు మీద రాసిమ్మనండి: పై మెటీరియల్ ఏమిటి, గమ్ ఏ రకం, ఎంత వేడి వరకు తట్టుకుంటుంది, ఏ ప్లాస్టిక్‌కు పనికొస్తుంది. రాయడానికి తటపటాయిస్తే ఆయనకే తెలియదని అర్థం. ముందు యాభై లేబుళ్ళు అదే రోల్ మెటీరియల్ మీద వేయించుకోండి. వేరే కాగితం మీద వేసిన కలర్ ప్రూఫ్ (రంగులు చూపించే నమూనా) ఈ పరీక్షలకు పనికిరాదు. పది వేలు వచ్చాక రోల్స్‌ను రేకుల షెడ్డులో పెట్టకండి. తయారీదారులు సాధారణంగా చెప్పే రెండేళ్ల నిల్వ 22 డిగ్రీలు, సగం తేమ ఉన్న గదికి. మన రేకుల కింద గమ్ అంచుల నుంచి కారి, రోల్ పక్కలు జిగటగా మారి దుమ్ము పడతాయి. ప్రతి బ్యాచ్‌లో రెండు జార్లు అమ్మకుండా, గడువు తేదీ దాకా అలమారలో ఉంచండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీ దగ్గరున్న జార్ తీసి చూసుకోవచ్చు.

ఇప్పటికే లేబుల్ లేచిన స్టాక్ ఉంది కదా, ఆ అంచులను మళ్ళీ నొక్కి అతికించే ప్రయత్నం చేయకండి, దుమ్ము పట్టిన గమ్ మళ్ళీ పట్టదు. పైన సెల్లో టేపు వేయడం కూడా వద్దు, నూనె దాని కిందికి పోయి ఇంకా అసహ్యంగా తయారవుతుంది. పూర్తిగా తీసేసి, మిగిలిన గమ్ మీద కొంచెం వంటనూనె రాసి పావుగంట ఉంచితే మెత్తబడి వచ్చేస్తుంది. తర్వాత సబ్బు నీళ్ళతో, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక కొత్త లేబుల్ వేయండి. కొత్త లేబుల్ మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ పాతవే ఉండాలి, ఒక్క రోజు కూడా మారకూడదు. అందుకని లాగే ముందే ఒక్కో జార్‌కు ఫొటో తీసి పెట్టుకోండి. తేదీ ఇప్పటికే చెరిగిపోయి ఏ బ్యాచ్‌దో మీకే తెలియని జార్లు ఏమైనా ఉంటే, వాటిని అమ్మకానికి పెట్టకండి.